పంపేముందు మార్కెటింగ్ మెయిల్‌ని ఎక్కడెక్కడ చూసుకోవాలి, ఏ వరసలో సరిచేసుకోవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బ్రౌజర్లో జీమెయిల్ తెరిస్తే ఆఫర్ మెయిల్ చక్కగా ఉంది. ఔట్‌లుక్ వాడే కస్టమర్లకు మాత్రం పైనున్న బొమ్మ స్క్రీన్ దాటి పోయింది, బటన్ ఉత్త నీలం లింకైపోయింది. ఫోన్లో డార్క్ మోడ్ పెట్టుకున్నవాళ్లకి లోగో కనపడలేదు. ఇవన్నీ ముందే పట్టుకోవడానికి ఏ టూల్ కొనాలి అని అడిగారు. టూల్ సంగతి చివర్లో చెబుతాను. ఈ మూడు లోపాలకీ కారణాలు వేరువేరు, మూడింటినీ రూపాయి ఖర్చు లేకుండా పట్టుకోవచ్చు.

ముందు ఒక భయం తీసేసుకోండి. టెస్టింగ్ సర్వీసుల జాబితాలో పదుల కొద్దీ పేర్లు కనిపిస్తాయి గానీ, వాటి వెనక మెయిల్‌ని రెండర్ చేసే (అంటే కోడ్‌ని చదివి తెరమీద చూపించే) పద్ధతులు నాలుగైదే. ఆపిల్ మెయిల్ ఐఫోన్లోనైనా మ్యాక్‌లోనైనా వెబ్‌కిట్ (సఫారీ బ్రౌజర్ వాడే ఇంజిన్) మీద నడుస్తుంది, దాదాపు బ్రౌజర్లాగే చూపిస్తుంది. అక్కడే చెదిరిందంటే తప్పు మీ కోడ్‌లోనే ఉందనుకోవచ్చు. జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్ డాట్ కామ్ చూపించేది బ్రౌజర్లోనే అయినా, చూపించేముందు మీ హెచ్‌టీఎంఎల్‌ని (మెయిల్ రాసిన కోడ్‌ని) వడకట్టి తమకు పనికిరాదనుకున్నది తీసేస్తాయి. ఇక విండోస్‌లోని క్లాసిక్ ఔట్‌లుక్ దారే వేరు. 2007 వెర్షన్ నుంచి అది మెయిల్‌ని మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్‌తో రెండర్ చేస్తోంది. అంటే మీ మెయిల్ అక్కడ వెబ్ పేజీ కాదు, వర్డ్ డాక్యుమెంట్. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఔట్‌లుక్ గొడవల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

"ఔట్‌లుక్‌లో పాడైంది" అని ఎవరైనా చెబితే ఏ ఔట్‌లుక్ అని అడగడం మొదటి పని. మ్యాక్ ఔట్‌లుక్ వెబ్‌కిట్ వాడుతుంది. విండోస్‌లో వచ్చిన కొత్త ఔట్‌లుక్ వెబ్ ఆధారితం, ఔట్‌లుక్ డాట్ కామ్‌కి దగ్గరగా ఉంటుంది. ఫోన్ యాప్ ఇంకోటి. బొమ్మ పట్టాలు తప్పడం, బటన్ కుదించుకుపోవడం లాంటివి మాత్రం దాదాపు ఎప్పుడూ క్లాసిక్‌లోనే. దాన్ని కనీసం 2029 వరకు సపోర్ట్ చేస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కాబట్టి, వ్యాపార సంస్థలకు మెయిల్ పంపేవాళ్లు ఇప్పుడే దాన్ని వదిలేయడానికి లేదు.

చేతిలో ఉండాల్సిన సరంజామా

క్లాసిక్ ఔట్‌లుక్ ఉన్న ఒక విండోస్ కంప్యూటర్, ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్. జీమెయిల్, ఔట్‌లుక్ డాట్ కామ్, యాహూల్లో ఒక్కో ఉచిత అకౌంట్. ఈ మాత్రం చాలు. వీటికి తోడు చాలామంది మరిచిపోయేది ఒకటుంది: ఆ యాహూ అకౌంట్‌ని ఫోన్లోని జీమెయిల్ యాప్‌లో కూడా కలపండి. జీమెయిల్ యాప్‌లో జీమెయిల్ కాని అకౌంట్ పెట్టుకుని చదివేవాళ్లకి, హెడ్‌లో (కోడ్ పై భాగంలో) మీరు రాసిన స్టైల్ బ్లాక్, అంటే రంగులూ సైజులూ చెప్పే సీఎస్‌ఎస్ రాత, మొత్తం ఎగిరిపోతుంది. మీడియా క్వెరీలు (స్క్రీన్ వెడల్పుని బట్టి రూపం మార్చే నియమాలు) ఉండవు, క్లాసులు పనిచేయవు, ట్యాగుల్లోనే ఇన్‌లైన్‌గా రాసిన స్టైల్ మాత్రమే మిగులుతుంది. అదే యాప్‌లో జీమెయిల్ అకౌంట్‌తో చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఈ లోపం ఎవరి కంటా పడదు. ఇక్కడ మెయిల్ అందంగా ఉండనక్కర్లేదు. చదవడానికి వీలుగా ఉండి, బటన్ బటన్‌లా కనిపిస్తే నెగ్గినట్టే.

విండోస్ కంప్యూటర్లో డిస్‌ప్లే స్కేలింగ్‌ని 100 శాతం దగ్గర ఒకసారి, 125 లేదా 150 దగ్గర ఒకసారి పెట్టి చూడండి. ల్యాప్‌టాప్‌లు చాలావరకు 100 కంటే ఎక్కువ స్కేలింగ్‌తోనే వస్తాయి. ఔట్‌లుక్ అప్పుడు కొన్ని కొలతల్ని పెంచి, కొన్నిటిని అలాగే వదిలేస్తుంది. అక్షరాలు పెద్దవై, టేబుల్ వెడల్పు మాత్రం పెరక్క, వరసలు విరిగిపోతాయి.

ఫైల్‌ని కాదు, చేరిన మెయిల్‌ని చూడండి

టెస్టింగ్‌లో జరిగే పెద్ద పొరపాటు ఇదే. డిజైనర్ ఇచ్చిన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని బ్రౌజర్లో తెరిచి చూస్తారు. లేదా దాన్ని కాపీ చేసి జీమెయిల్ కంపోజ్ బాక్సులో అతికించి తమకు తామే పంపుకుంటారు. కంపోజ్ బాక్సు మీ కోడ్‌ని తన పద్ధతిలో తిరగరాస్తుంది. ఫార్వర్డ్ చేసినా అంతే. ఇక మీ మెయిల్ సర్వీసు పంపేటప్పుడు లింకులన్నిటినీ ట్రాకింగ్ లింకులుగా మారుస్తుంది, ఓపెన్ పిక్సెల్ (మెయిల్ తెరిచారో లేదో తెలిపే కనపడని బొమ్మ) తగిలిస్తుంది, కొన్ని సర్వీసులు సీఎస్‌ఎస్‌ని ఇన్‌లైన్ చేసేస్తాయి, ఫుటర్ కలుపుతాయి. కస్టమర్‌కి చేరేది ఇవన్నీ అయ్యాక మిగిలిన మెయిల్.

"టెస్ట్ మెయిల్ పంపు" బటన్‌ని కూడా పూర్తిగా నమ్మకండి. చాలా సర్వీసుల్లో అది పేర్లు, కూపన్ కోడ్‌ల లాంటి మారే ఫీల్డుల్ని నింపదు, అన్‌సబ్‌స్క్రైబ్ లింకుని డమ్మీగా పెడుతుంది, కొన్ని హెడర్లు (మెయిల్‌తో పాటు కనపడకుండా వెళ్లే వివరాలు) వదిలేస్తుంది. అందుకని పైన చెప్పిన అకౌంట్లన్నిటితో ఒక చిన్న లిస్టు తయారుచేసుకుని, దానికి నిజమైన క్యాంపెయిన్‌లాగే పంపండి. ఆ లిస్టులో ఒకరి పేరు ఖాళీగా ఉంచండి. ఒకరికి ముప్పై అక్షరాల పొడుగు పేరు పెట్టండి. ఒకరి పేరులో ఆంపర్‌సాండ్ (&) గుర్తు పెట్టండి. "నమస్తే , మీ కోసం" అని కామా ముందు ఖాళీతో పోయే మెయిళ్లు ఇక్కడే దొరుకుతాయి.

సరిచేసి మళ్లీ పంపిన ప్రతిసారీ సబ్జెక్ట్ చివర ఒక అంకె మార్చండి. ఒకే సబ్జెక్టుతో వరసగా పంపితే జీమెయిల్ అన్నిటినీ ఒకే థ్రెడ్‌లో చేర్చి, ముందు మెయిల్లో ఉన్న భాగాన్నే మళ్లీ చూస్తే మూడు చుక్కల వెనక దాచేస్తుంది. ఫుటర్ మాయమైందని మీరు కోడ్ వెతుక్కుంటూ కూర్చుంటారు.

సరిచేసే వరస: ముందు జీమెయిల్, ఆ తర్వాత ఔట్‌లుక్

దీనికి కారణం ఉంది. జీమెయిల్ కోసం చేసే మార్పు అన్నిచోట్లా పడుతుంది. క్లాసిక్ ఔట్‌లుక్ కోసం చేసే మార్పుని మాత్రం కండిషనల్ కామెంట్లో పెట్టొచ్చు, దాన్ని ఆ వర్డ్ ఇంజిన్ తప్ప ఇంకెవరూ చదవరు. ఔట్‌లుక్‌ని ముందు సరిచేసి, తర్వాత జీమెయిల్ కోసం టేబుల్ కదిలిస్తే ఔట్‌లుక్ పని మళ్లీ మొదటికొస్తుంది.

జీమెయిల్‌లో చూడాల్సినవి రెండు పెద్దవి. ఒకటి, 102 కేబీ హద్దు. హెచ్‌టీఎంఎల్ అంతకు మించితే జీమెయిల్ మిగతాది కోసేసి, పూర్తి మెయిల్ చూడమని ఒక లింకు పెడుతుంది. బొమ్మల బరువు ఇందులో లెక్కకి రాదు, కోడ్ బరువే. కోత పడేది కింది నుంచి కాబట్టి ముందు పోయేవి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు, అడ్రసు, చివర్లో ఉండే ఓపెన్ పిక్సెల్. పిక్సెల్ పోతే ఓపెన్ రేటు పడిపోయినట్టు రిపోర్టు చెబుతుంది, కారణం ఎక్కడో వెతుకుతారు. మీ ఫైల్ 85 కేబీ ఉందని నిశ్చింతగా ఉండకండి. ట్రాకింగ్ లింకు ఒక్కోటి అసలు లింకు కంటే 200 అక్షరాలు పొడుగైందనుకుంటే, 50 లింకులకి దాదాపు 10 కేబీ పెరుగుతుంది. 80 కేబీ లోపల ఆపుకుంటే ఊపిరాడుతుంది. బరువు తగ్గించాలంటే ముందు ఎడిటర్ వదిలేసిన కామెంట్లు, వాడని క్లాసులు, పదే పదే రాసిన ఫాంట్ స్టైళ్లు తీసేయండి.

రెండోది స్టైల్ బ్లాక్. జీమెయిల్ 2016 నుంచి హెడ్‌లోని స్టైల్‌నీ మీడియా క్వెరీలనీ చదువుతోంది, కానీ చాదస్తం ఎక్కువ. తనకు అర్థంకాని రాత ఒక్కటి తగిలినా ఆ బ్లాక్‌ని మొత్తంగా పారేస్తుంది. ఒక ఎట్-రూల్ (@ గుర్తుతో మొదలయ్యే నియమం) లోపల ఇంకో ఎట్-రూల్ పెట్టడం, మూయని బ్రాకెట్ ఇందుకు మామూలు కారణాలు. కోడ్ మరీ పొడుగైనా ఇదే ఫలితం, 8 వేల అక్షరాల లోపు ఉంచితే ఇబ్బంది రాదు. కాబట్టి స్టైల్‌ని రెండు బ్లాకులుగా విడదీయండి: లేఅవుట్‌కి అవసరమైన సాదా నియమాలు మొదటి దాంట్లో, డార్క్ మోడ్, యానిమేషన్ లాంటి ప్రయోగాలు రెండో దాంట్లో. రెండోది పోయినా మొదటిది బతుకుతుంది. ఫోన్లో జీమెయిల్ యాప్ మీ మొబైల్ లేఅవుట్‌ని పట్టించుకోకుండా డెస్క్‌టాప్ రూపాన్నే చిన్నది చేసి చూపిస్తోందంటే, స్టైల్ బ్లాక్ ఎగిరిపోయిందని మొదట అనుమానించండి. దోషి ఎవరో తెలియకపోతే బ్లాక్‌లో సగం తీసేసి పంపండి, బాగైతే తప్పు తీసిన సగంలో ఉన్నట్టు. నాలుగైదు సార్లలో ఆ లైను దొరికిపోతుంది.

ఇక చిన్నవి. బేస్64గా కోడ్‌లోనే పొదిగిన బొమ్మలు, ఎస్‌వీజీ బొమ్మలు జీమెయిల్‌లో కనపడవు. బొమ్మల్ని సర్వర్లో పెట్టి జేపెగ్ గానో పీఎన్‌జీ గానో ఇవ్వండి. వెబ్‌పీ వాడాలని ఉంటుంది గానీ క్లాసిక్ ఔట్‌లుక్‌కి అది తెలియదు.

క్లాసిక్ ఔట్‌లుక్

మీ బొమ్మ స్క్రీన్ దాటి పోవడానికి కారణం ఇది: రెటీనా స్క్రీన్ కోసం 1,200 పిక్సెల్స్ వెడల్పున్న బొమ్మ పెట్టి, మ్యాక్స్-విడ్త్ 600 అని సీఎస్‌ఎస్‌లో రాశారు. వర్డ్ ఇంజిన్‌కి మ్యాక్స్-విడ్త్ తెలియదు, బొమ్మని అసలు సైజులో పరిచేసింది. బొమ్మ ట్యాగులోనే విడ్త్ యాట్రిబ్యూట్‌గా 600 అని, పిక్సెల్ అన్న మాట లేకుండా ఉత్త అంకె రాయండి. మొబైల్లో చిన్నదవడానికి సీఎస్‌ఎస్‌లో విడ్త్ 100 శాతం, మ్యాక్స్-విడ్త్ 600 అలాగే ఉంచండి. ఔట్‌లుక్ యాట్రిబ్యూట్‌ని చూస్తుంది, మిగతావి సీఎస్‌ఎస్‌ని చూస్తాయి. మెయిల్ మొత్తానికి కూడా ఇదే సూత్రం. డివ్‌కి మ్యాక్స్-విడ్త్ పెట్టి ఊరుకుంటే ఔట్‌లుక్‌లో మెయిల్ స్క్రీన్ నిండా పరుచుకుంటుంది. ఆ డివ్ చుట్టూ కండిషనల్ కామెంట్లో 600 వెడల్పు టేబుల్ ఒకటి తెరిచి మూయాలి. దీన్నే గోస్ట్ టేబుల్ అంటారు.

బటన్ విషయానికొస్తే, మీది లింకు ట్యాగుకి ప్యాడింగ్, రంగు, గుండ్రటి మూలలు ఇచ్చి చేసిన బటన్ అయి ఉంటుంది. క్లాసిక్ ఔట్‌లుక్ లింకు మీది ప్యాడింగ్‌ని పట్టించుకోదు, బోర్డర్-రేడియస్ తెలియదు. టేబుల్ సెల్ మీది ప్యాడింగ్, బ్యాక్‌గ్రౌండ్ రంగు మాత్రం గౌరవిస్తుంది. కాబట్టి రంగూ ప్యాడింగూ సెల్‌కి ఇస్తే బటన్ ఆకారం వస్తుంది. దీంట్లో ఒక చిక్కుంది. అప్పుడు నొక్కితే పనిచేసేది లోపలి అక్షరాల మీదే, చుట్టూ ఉన్న రంగు మీద కాదు. స్క్రీన్‌షాట్‌లో ఇది ఎన్నడూ తెలియదు, మౌస్‌తో అంచుల దగ్గర నొక్కి చూస్తేనే తెలుస్తుంది. పూర్తిగా నొక్కగలిగే బటన్, గుండ్రటి మూలలు కూడా కావాలంటే కండిషనల్ కామెంట్లో వీఎంఎల్ (ఆకారాలు గీయడానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన పాత కోడ్) రౌండ్‌రెక్ట్ రాయాలి. నా అభిప్రాయం: ఔట్‌లుక్‌లో మూలలు చదరంగా ఉంటే ఎవరూ కొనడం మానరు. నొక్కే చోటు చాలినంత ఉండటం మాత్రం ముఖ్యం.

వెబ్ ఫాంట్ పెట్టారా? ఔట్‌లుక్ మీరు వరసలో ఇచ్చిన ఏరియల్‌ని కూడా దాటేసి టైమ్స్ న్యూ రోమన్‌కి వెళ్లిపోవడం మామూలే. కండిషనల్ స్టైల్‌లో అన్ని సెల్స్‌కీ ఏరియల్ అని గట్టిగా చెప్పేస్తే తీరుతుంది. స్కేలింగ్ గొడవకి మందు కూడా హెడ్‌లోనే ఉంది: ఆఫీస్ డాక్యుమెంట్ సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్ బ్లాక్‌లో పిక్సెల్స్-పర్-ఇంచ్ విలువ 96 అని ఇవ్వాలి. దానికి అవసరమైన నేమ్‌స్పేస్ డిక్లరేషన్ హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లేకపోతే ఆ బ్లాక్ పనిచేయదు. టెంప్లేట్లు మార్చుకునేటప్పుడు ఆ డిక్లరేషన్ జారిపోవడం తరచూ జరుగుతుంది.

వర్డ్ అన్నాక పేజీలు ఉంటాయి కదా. అందుకే సుమారు 1,800 పిక్సెల్స్ ఎత్తు దాటిన టేబుల్ మధ్యలో ఉన్నట్టుండి ఖాళీ వస్తుంది, పేజీ మారిందనుకుంటుంది అది. 1,728 పిక్సెల్స్ కంటే ఎత్తైన బొమ్మ కత్తిరించుకుపోతుంది. మెయిల్ మొత్తాన్ని ఒకే పెద్ద టేబుల్‌లో పెట్టకుండా, ఒక్కో భాగానికి ఒక్కో టేబుల్‌గా కిందకి పేర్చుకుంటూ పోతే రెండు బాధలూ తప్పుతాయి. వరసల మధ్య సన్నటి తెల్ల గీతలు వస్తుంటే ఎత్తులూ ఫాంట్ సైజులూ సరి సంఖ్యల్లోకి మార్చి చూడండి, చాలాసార్లు పోతాయి. యానిమేటెడ్ జిఫ్ పాత ఔట్‌లుక్ వెర్షన్లలో మొదటి ఫ్రేము దగ్గరే ఆగుతుంది. ఆఫర్ ఎంతో ఆ మొదటి ఫ్రేములోనే ఉండాలి, ఖాళీ తెర కాదు.

ఇంకోటి, క్లాసిక్ ఔట్‌లుక్ తెలియని పంపకందారుల బొమ్మల్ని మామూలుగా ఆపేస్తుంది. కాబట్టి బొమ్మలు లేకుండా మెయిల్ ఎలా ఉందో అక్కడే చూడండి. ఆఫర్ మొత్తం ఒకే పోస్టర్ బొమ్మగా పంపితే కస్టమర్‌కి కనిపించేది ఖాళీ డబ్బా. ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మ రానప్పుడు దాని బదులు కనిపించే మాటలో) "బ్యానర్" అని కాకుండా ఆ బొమ్మ చెప్పే మాటే రాయండి. బొమ్మ ట్యాగుకే ఫాంట్ సైజు, రంగు ఇస్తే ఆల్ట్ టెక్స్ట్ చాలా క్లయింట్లలో (మెయిల్ చదివే యాప్‌లలో) ఆ రూపంలోనే వస్తుంది.

డార్క్ మోడ్

ఇక్కడ అన్నిచోట్లా ఒకేలా ఉండటం అసాధ్యం, ఆ ప్రయత్నం మానేయండి. క్లయింట్లు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఆపిల్ మెయిల్ మీరు రాసిన డార్క్ స్టైల్‌ని చదివి పాటిస్తుంది. ఔట్‌లుక్ డాట్ కామ్ లాంటివి తేలిక రంగుల్ని ముదురు చేసి, ముదురు రంగుల్ని అలాగే వదిలేస్తాయి. ఐఫోన్లోని జీమెయిల్ యాప్, విండోస్ క్లాసిక్ ఔట్‌లుక్ మాత్రం మొత్తం రంగులన్నిటినీ తిరగేస్తాయి, మీరు ముందే నల్లగా చేసిన భాగం అక్కడ తెల్లబడొచ్చు. జీమెయిల్‌కి ప్రిఫర్స్-కలర్-స్కీమ్ క్వెరీ (డార్క్ మోడ్ ఉందా అని అడిగే సీఎస్‌ఎస్ నియమం) తెలియదు కాబట్టి మీరు రాసిన డార్క్ స్టైల్ దానికి చేరదు. కంప్యూటర్ బ్రౌజర్లో జీమెయిల్‌కి డార్క్ థీమ్ పెట్టి పరీక్షించి లాభం లేదు, అక్కడ మెయిల్ లోపలి భాగం మారదు. ఫోన్లలోనే చూడాలి.

ఈ క్లయింట్లన్నీ బ్యాక్‌గ్రౌండ్ రంగునీ అక్షరాల రంగునీ మారుస్తాయి గానీ బొమ్మ లోపలి రంగుల్ని ముట్టుకోవు. మీ లోగో వెనక ఖాళీ ఉన్న పీఎన్‌జీ, అక్షరాలు నలుపు. వెనకున్న తెలుపు నల్లబడింది, లోగో అందులో కలిసిపోయింది. రెండు మార్గాలున్నాయి. లోగో అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల అంచు గీసి సేవ్ చేయడం ఒకటి: తెల్ల నేల మీద అది కనపడదు, నల్ల నేల మీద లోగోని నిలబెడుతుంది. లేదా లోగోని కొంత జాగా వదిలిన తెల్ల పలక మీద పెట్టి జేపెగ్ చేయడం. మొదటిదే మేలు, రెండోది నల్ల స్క్రీన్ మీద అతికించినట్టు ఉంటుంది. సోషల్ మీడియా ఐకాన్లకీ ఇదే వైద్యం.

పరీక్షలో చూడాల్సింది అందం కాదు. ధర, తేదీ, బటన్ మీది మాట, కింద ఉన్న షరతుల చిన్న అక్షరాలు చదవగలుగుతున్నామా అన్నదొక్కటే. లేత బూడిద రంగు షరతులు డార్క్‌లో మొదట బలయ్యేవి.

ఫోన్లో మిగతావి

360, 375, 414 పిక్సెల్స్ వెడల్పుల్లో చూడండి. అసలు అక్షరాలు 16 పిక్సెల్స్ ఉండాలి, బటన్ ఎత్తు 44కి తగ్గకూడదు. ఐఫోన్ తేదీల్నీ ఫోన్ నంబర్లనీ అడ్రసుల్నీ తనంతట తానే నీలం లింకులుగా మారుస్తుంది. ముదురు రంగు ఫుటర్ మీద ఆ నీలం అసలు కనపడదు. యాపిల్ డేటా డిటెక్టర్స్ యాట్రిబ్యూట్‌కి రంగుని పైనుంచి వారసత్వంగా తీసుకోమని స్టైల్ రాస్తే సరిపోతుంది. అది యాట్రిబ్యూట్ సెలెక్టర్, జీమెయిల్ దాన్ని ఒప్పుకోదు, కాబట్టి రెండో స్టైల్ బ్లాక్‌లో పెట్టండి.

ఇన్‌బాక్స్ జాబితాలో సబ్జెక్ట్ పక్కన కనిపించే ప్రీహెడర్ కూడా పరీక్షలో భాగమే. మీరు రాయకపోతే క్లయింట్ మెయిల్లో మొదట దొరికిన మాటలు తీసుకుంటుంది, అవి సాధారణంగా "బ్రౌజర్లో చూడండి" అన్నవే అవుతాయి.

మెయిల్ తెలుగులో ఉంటే

దీని గురించి ఇంగ్లిష్ గైడ్లలో దొరకదు గనక కాస్త వివరంగా చెబుతాను.

యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో) ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (అక్షరంలోని ఒక్కో ముక్కకి) 3 బైట్లు. "క్షీ" ఒక్క అక్షరంలా కనిపించినా నాలుగు కోడ్‌పాయింట్లు, అంటే 12 బైట్లు. కొన్ని ఎడిటర్లు తెలుగుని సంఖ్యల ఎంటిటీలుగా (క లాంటి రాతగా) మార్చేస్తాయి. అప్పుడు ఒక్కో కోడ్‌పాయింట్ 7 బైట్లవుతుంది, అదే "క్షీ" 28 బైట్లు. 102 కేబీ హద్దు ఇంగ్లిష్ మెయిల్ కంటే మనకి ఎంతో ముందే వస్తుంది. సోర్స్ తెరిచినప్పుడు ఎంటిటీలు కనిపిస్తే ఎడిటర్ సెట్టింగ్ మార్చండి.

మధ్యలో అక్కడక్కడా ప్రశ్నార్థకాలున్న నల్ల వజ్రాలు వస్తున్నాయా? మెయిల్ ప్రమాణాల ప్రకారం ఒక లైను 998 అక్షరాలు దాటకూడదు. బరువు తగ్గించాలని కోడ్ మొత్తాన్ని ఒకే లైనుగా కుదించి, 8-బిట్‌గా పంపితే దారిలో సర్వర్లు ఆ లైనుని తమకు తోచిన చోట విరుస్తాయి. విరుపు మూడు బైట్ల మధ్యలో పడితే ఆ అక్షరం చచ్చిపోతుంది, లింకు మధ్యలో పడితే లింకు పోతుంది. క్వోటెడ్-ప్రింటబుల్‌గా గానీ బేస్64గా గానీ (రెండూ అక్షరాల్ని సాదా గుర్తులుగా మార్చి పంపే పద్ధతులే) పంపమని సర్వీసుకి చెప్పండి. సబ్జెక్ట్‌లో ఇదే జరిగితే తప్పు పంపే కోడ్‌ది. సబ్జెక్ట్‌ని ముక్కలుగా ఎన్‌కోడ్ చేస్తారు, ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. బేస్64లో ఒక ముక్కకి పట్టేది 45 బైట్లు, అంటే 15 తెలుగు కోడ్‌పాయింట్లు. ఆ కొలత బైట్లలో చూసుకోకుండా ఎక్కడపడితే అక్కడ కోసే కోడ్ సొంతంగా రాసుకున్న వ్యవస్థల్లో ఎక్కువ. పొడుగు తెలుగు సబ్జెక్టుతో పంపి చూస్తే వెంటనే బయటపడుతుంది.

ఫాంట్ మీ చేతిలో ఉండదు. విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో సాన్స్ తెలుగు, ఆపిల్‌లో కోహినూర్ తెలుగు వస్తాయి. వీటి వెడల్పులు వేరు, ఒకచోట ఒక లైన్లో పట్టిన బటన్ మాట ఇంకోచోట రెండు లైన్లవుతుంది. బటన్‌కి స్థిరమైన వెడల్పు, ఎత్తు ఇవ్వకండి. ఇక లైన్-హైట్: పైన గుడి, కింద ఒత్తు ఉన్న అక్షరాలకి 1.2 చాలదు, 1.6 దగ్గర పెట్టండి. ఇంగ్లిష్ టెంప్లేట్లలో ఔట్‌లుక్ కోసం లైన్-హైట్‌ని కచ్చితంగా పాటించమని ఒక ఎంఎస్ఓ రూల్ రాసి ఉంటుంది. తక్కువ లైన్-హైట్‌తో అది కలిస్తే వర్డ్ ఇంజిన్ అక్షరాల పైనా కిందా నిర్దాక్షిణ్యంగా కోసేస్తుంది, "స్త్రీ" అన్న మాటలో ఒత్తులు సగమే మిగులుతాయి. లెటర్-స్పేసింగ్ ఉంటే సున్నా చేయండి. స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుతో చదవాలంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగని చెప్పాలి, లేఅవుట్ టేబుళ్లకి రోల్ ప్రెజెంటేషన్ (ఇది డేటా టేబుల్ కాదని చెప్పే గుర్తు) ఇవ్వాలి.

కంటికి కనపడనివి

జీమెయిల్‌లో ఆ మెయిల్ మెనూలోంచి షో ఒరిజినల్ తెరిస్తే పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు) ఫలితాలుంటాయి. మూడూ పాస్ కావాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దమొత్తంలో పంపేవాళ్లకి వీటిని తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5,000 మెయిళ్లు దాటితే మీరు ఆ కోవలోకి వస్తారు. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే హెడర్లు కూడా ఉండాలి: లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్, దాని జంట లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్-పోస్ట్. రెండూ డీకిమ్ సంతకంలో చేరి ఉండాలి.

మెయిల్ లోపల కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ లింకుని కూడా నొక్కి చూడండి. ఆఫీసుల్లోని సెక్యూరిటీ ఫిల్టర్లు మెయిల్లోని లింకులన్నిటినీ మనిషి కంటే ముందే తెరిచి చూస్తుంటాయి. ఆ లింకు తెరవగానే పేరు తీసేసేలా ఉంటే, ఫిల్టర్ తెరిచినందుకే కస్టమర్ లిస్టులోంచి పోతాడు. పేజీలో నిర్ధారించే బటన్ ఒకటి ఉండాలి.

ఎవరి కోసం ఎంత శ్రమ

మీ లిస్టులో ఎవరు ఏది వాడుతున్నారో తెలుసుకోవడానికి ఓపెన్ రిపోర్టుని పూర్తిగా నమ్మకండి. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ మనిషి తెరవకపోయినా బొమ్మల్ని ముందే దించేస్తుంది, అందువల్ల ఆపిల్ వాటా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. క్లాసిక్ ఔట్‌లుక్ బొమ్మల్ని ఆపేస్తుంది కనుక దాని వాటా తక్కువగా కనిపిస్తుంది. "మా లిస్టులో ఔట్‌లుక్ ఒక్క శాతమే" అన్న ధీమా ఇలాగే వస్తుంది. క్లిక్ రిపోర్టులో బ్రౌజర్, సిస్టమ్ వివరాలు చూడండి. కంపెనీ అడ్రసులైతే డొమైన్ ఎంఎక్స్ రికార్డు (ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది) మైక్రోసాఫ్ట్ 365 వైపు చూపిస్తోందో, గూగుల్ వైపు చూపిస్తోందో లెక్కించండి. మైక్రోసాఫ్ట్ వైపు గణనీయంగా ఉంటే క్లాసిక్ ఔట్‌లుక్ మీద సమయం పెట్టాల్సిందే.

ఇక టూల్. లిట్మస్, ఈమెయిల్ ఆన్ ఆసిడ్ లాంటివి మీ మెయిల్‌ని అనేక క్లయింట్లలో తెరిచి స్క్రీన్‌షాట్లు ఇస్తాయి. పాత ఔట్‌లుక్ వెర్షన్లు, మీ దగ్గర లేని ఫోన్లు ఒకేసారి చూడ్డానికి బాగా పనికొస్తాయి. బటన్ అంచు నొక్కితే పనిచేస్తుందా, లింకు సరైన చోటికి వెళ్తుందా, ఖాళీ పేరు ఎలా వచ్చింది అన్నవి స్క్రీన్‌షాట్ చెప్పదు. ఏ సీఎస్‌ఎస్ ఎక్కడ నడుస్తుందో ముందే చూసుకోవడానికి క్యాన్ ఐ ఈమెయిల్ అనే ఉచిత సైట్ ఉంది, కోడ్ రాసేటప్పుడే దాన్ని తెరిచి ఉంచుకోండి. నెలకి రెండు మూడు మెయిళ్లు ఒకే టెంప్లేట్‌తో పంపేవాళ్లకి చందా అనవసరం. టెంప్లేట్ మార్చిన నెలలో మాత్రం తీసుకుని, అన్ని క్లయింట్లలో ఒకసారి గట్టిగా పరీక్షించి, ఆ టెంప్లేట్‌కి తాళం వేయండి. ఆ తర్వాత ప్రతి క్యాంపెయిన్‌కీ మారేది మాటలూ బొమ్మలే కాబట్టి పైన చెప్పిన సొంత లిస్టు చాలు. టీమ్‌లో పలువురు వేరువేరు టెంప్లేట్లు చేస్తుంటే, లేదా ఎడిటర్లో ఎవరైనా బ్లాకులు అటూ ఇటూ లాగే వీలుంటే చందా కట్టండి, డబ్బుకి న్యాయం జరుగుతుంది.

మీ మూడు లోపాల్లో ముందు విడ్త్ యాట్రిబ్యూట్ పెట్టండి, తర్వాత బటన్‌ని సెల్‌లోకి మార్చండి, లోగోకి తెల్ల అంచు గీయించండి. మూడూ ఒకేసారి కాదు, ఒక్కోటి మార్చి ఒక్కోసారి పంపి చూడండి. ఆ తర్వాత కూడా ఔట్‌లుక్‌లో మిగిలిందేమైనా ఉంటే ఆ వెర్షన్ పేరు, స్కేలింగ్ శాతం, చేరిన మెయిల్ సోర్స్ కలిపి పెట్టండి. డిజైన్ ఫైల్ పెడితే అందులోంచి ఏమీ చెప్పలేం.